ఆ నాలుగు మార్కులూ అలాగే ఉంచండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి సాడెక్ ఊరంతటికీ తెలుసు. బడి గేటుకి ఎదురుగా ముప్ఫై ఏళ్ళుగా హుతియు, అదే పులుసులో వేసిన బియ్యపు సేవలు, అమ్ముతున్నాను. ఎముకల పులుసులో ఉప్పెక్కువైందన్న వాణ్ణి గిన్నె ముందు నుంచి లేపి పంపించిన మనిషిని. అలాంటి నేను దియెప్ టీచరు గురించి మంచిమాట చెబితే జనం నమ్మరు. నమ్మకపోతే పోనీ, చెబుతాను.

బడి వదిలాక దియెప్ మా అంగట్లో మూల బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆరో తరగతి మూడు సెక్షన్లు ఆవిడవే, మొత్తం నూట ముప్ఫై ఒక్కమంది. ఒక్కో వ్యాసం కాగితం మీద పైన రెండు గళ్ళుంటాయి. ఒకటి మార్కులకి, ఒకటి టీచరు మాటకి. మిగతా టీచర్లు ఆ రెండో గడిలో "బాగుంది, ఇంకా కృషి చెయ్యాలి" అని గిలికి పారేస్తారు. ఈవిడ గడి నింపి, అంచు నింపి, కాగితం వెనక్కి తిప్పి మరీ రాస్తుంది. మణికట్టు లాగితే ఆకుపచ్చ తైలం రాసుకుంటుంది. ఆ మూల నా పులుసు వాసన కంటే ఆ తైలం ఘాటే ఎక్కువ.

"అమ్మా తల్లీ, నీకు జీతం అక్షరాల లెక్కన ఇస్తారా?" అన్నానొకసారి.

"ఇవ్వరు నామ్ అవ్వా."

"మరెందుకే ఈ గొడ్డు చాకిరీ?"

"వాడు రెండు పేజీలు రాశాడు. నేను రెండు ముక్కలు గిలికిస్తే ఇంకోసారి ఎందుకు రాస్తాడు?" అని తల ఎత్తకుండానే ఇంకో కాగితం లాక్కుంది.

ఓ రోజు నా మనవరాలు ఖుయెన్ ఏడుస్తూ వచ్చింది. దీని తల్లి, అదే మా అమ్మాయి, సైగాన్ అవతల చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పిల్ల నా దగ్గరే ఉంటుంది. చేతిలో వ్యాసం, దాని మీద పదికి నాలుగు. 'మా ఇంట్లో ఒక మనిషి' అని రాయమంటే నా గురించే రాసిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకునే మూల బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఏమ్మా! నా బల్ల మీద కూర్చుని, నా పులుసు తాగి, నా మనవరాలికి నాలుగా?"

"చదవండి అవ్వా," అంది దియెప్.

చదివాను. "మా అమ్మమ్మ జుట్టు పట్టుదారంలా తెల్లగా మెరుస్తుంది. తమలపాకులు నములుతూ చల్లగా నవ్వుతుంది. రోజూ తీయని గొంతుతో నాకు కథలు చెబుతుంది."

నేను నెలనెలా జుట్టుకి నల్లరంగేస్తాను. తమలపాకు జన్మలో నోట పెట్టలేదు. కథలా? నాకొచ్చినవన్నీ తిట్లే!

"ఎవరే ఈ ముసల్ది?" అన్నాను ఖుయెన్ వైపు తిరిగి.

"నమూనా వ్యాసాల పుస్తకంలో ఉంది అమ్మమ్మా. అందరూ అదే రాశారు."

"ముప్ఫై ఏడు ఇళ్ళల్లో ఈవిడే ఉంది అవ్వా," అంది దియెప్. "అందరికీ ఒకే అమ్మమ్మ."

కాగితం వెనక ఎర్ర సిరాతో ఇలా ఉంది: "ఖుయెన్, మీ అమ్మమ్మను నేను రోజూ చూస్తాను. ఈ రెండు పేజీల్లో వెతికాను, ఆవిడ కనబడలేదు. కోపమొస్తే ఆవిడ ముందు ఏం చేస్తుంది? ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఏం చేస్తుంది? అది రాసుకురా. మళ్ళీ చదువుతాను."

నా కోపం అటునుంచి ఇటు తిరిగింది. "నన్ను ఇంట్లోంచి గెంటేసి ఎవత్తెనో తెచ్చి పెట్టావటే!" అని పిల్లకి మొట్టికాయ వేశాను.

వారం తిరక్కుండా ఉప ప్రధానోపాధ్యాయుడు లోక్ సారు మా అంగట్లోకే వచ్చాడు. కూర్చోలేదు.

"దియెప్, నూటికి తొంభై అయిదు మంది పాసవుతారని జిల్లాకి మాటిచ్చాం. ముప్ఫై ఏడు మందిని ఫెయిల్ చేస్తావా? దిద్దు."

"దిద్దాను సార్. అందుకే అంత ఎరుపు."

"నేనంటున్నది మార్కులు!"

"నూట ముప్ఫై ఒకటీ ఇక్కడే ఉన్నాయి. మీరూ చదవండి. చదివాక మీకు తోచింది వేసుకోండి."

ఆయన మొహం కందగడ్డయింది. "ఆ మార్కులు మారకపోతే సోమవారం నుంచి నువ్వు లైబ్రరీలో దుమ్ము దులుపుకుంటావు. పిల్లల్ని ఇంకొకరికి అప్పజెబుతా," అనేసి వెళ్ళిపోయాడు.

దియెప్ గిన్నె అలాగే చల్లారిపోయింది. "పద్దెనిమిదేళ్ళయింది అవ్వా," అంది. "క్లాసు తీసేస్తే నేనేం చేస్తాను?" ఆ మాట అంటూనే ఇంకో కాగితం అందుకుంది. పొగరుబోతు మనిషి! నాకు నచ్చింది.

ఆదివారం పొద్దున తల్లిదండ్రుల మీటింగు. లోక్ సారు ఒక కాగితం తెచ్చాడు. ముప్ఫై ఏడు మంది పిల్లల పేర్లు, పక్కన సంతకానికి జాగా. మార్కు మార్చాలంటే ఇంటి పెద్ద సంతకం ఉండాలట. దియెప్‌ని వెనక గోడ దగ్గర నిలబెట్టారు. ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు. కాగితం చేతులు మారుతోంది, జనం గబగబా గీకేస్తున్నారు.

నా దగ్గరికొచ్చింది. నా పేరు తప్ప నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. ఆలస్యమవుతుంటే పక్కనున్న టైర్ల షాపు తొయాన్ మోచేత్తో పొడిచాడు. "పెట్టెయ్ అవ్వా, ఎండెక్కుతోంది."

"ఆగరా సన్నాసీ, రాస్తున్నాను కదా!"

రాశాను. రాసి, నిలబడి, మూడు వీధులకి వినబడేలా చదివాను. "ఆ వ్యాసంలో ముసల్ది నేను కాదు. నాలుగు మార్కులు ఎక్కువే. అలాగే ఉంచండి."

అప్పుడు తొయాన్ బుర్ర గోక్కున్నాడు. "మావాడూ అలాగే రాశాడే! రోజూ కథలు చెబుతుందని. వాళ్ళ అమ్మమ్మ పోయి పదేళ్ళయింది."

గదంతా గొల్లున నవ్వింది. వాడు కాగితం లాక్కుని, అంతకుముందు పెట్టిన తన సంతకం మీద అడ్డగీత గీసేశాడు. వాడి వెనక ఇంకో పదకొండు మంది తమవీ కొట్టేశారు.

"అవ్వా, మీ పిల్ల భవిష్యత్తు ఆలోచించారా?" అన్నాడు లోక్ సారు పళ్ళు బిగించి.

"అది మేం రాసుకుంటాంలే సారూ. మీరు చదవడం నేర్చుకోండి, చాలు."

అన్ని కొట్టివేతలున్న కాగితాన్ని జిల్లాకి ఎలా పంపుతాడు? మార్కులు మారలేదు. పంపలేని కాగితం పట్టుకుని క్లాసు పీకేస్తే జిల్లా వాళ్ళకి ఏం చెప్పుకుంటాడు? సోమవారం దియెప్ తన క్లాసులోనే ఉంది. వచ్చే ఏడాది సంగతి చూస్తానన్నాడట. "వచ్చే ఏడాది కూడా పిల్లలు రాస్తారు, నేను చదువుతాను," అందట ఈవిడ. మూల బల్ల మీద మామూలు కట్ట పక్కన మళ్ళీ రాసినవి ముప్ఫై ఏడు వచ్చి పడ్డాయి. తైలం సీసా కొత్తది.

ఖుయెన్‌కి ఈసారి ఏడొచ్చింది.

"ఏడా! నేను ఊరందరి ముందూ నిలబడ్డానే నీ కోసం!"

"వ్యాసంలోనూ మీరే మాట్లాడారు, అందుకే ఏడు అవ్వా. లేకపోతే ఎనిమిది," అంది దియెప్. ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది. 'మా అమ్మమ్మ నా కోసం అహర్నిశలూ కష్టపడుతుంది.' పక్కన, "ఈ వాక్యం నీది కాదు. ఎవరు చెప్పారో వాళ్ళనే అడుగు."

చెప్పింది నేనే.

దాని కింద ఇంకో వాక్యం ఉంది. "అమ్మ ఫోను పెట్టేశాక అమ్మమ్మ వెనక్కి వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పుతుంది. అప్పుడు కడగడానికి గిన్నెలేమీ ఉండవు." అది నేను చెప్పలేదు. దాని పక్కన దియెప్ ఏమీ రాయలేదు. చిన్న టిక్కు పెట్టి వదిలేసింది.

ఆ తర్వాతి ఆదివారం మా అమ్మాయి ఫోను చేసింది. ఈసారి పండక్కి సెలవివ్వరట. పెట్టేసి వెనక్కి వెళ్ళాను. చెయ్యి కుళాయి మీదికి పోయింది. తిప్పలేదు. బావురుమని ఏడ్చాను. వింటే వినండి, నాకెవడి భయం?