గట్టు సాళ్ల జొన్న

గోపాల్‌పేట దగ్గర మా ఊళ్లో జమ్ములమ్మకు రెండెకరాల చెలక ఉంది. ఏటా యాసంగిలో బోరు కింద పల్లి వేస్తుంది. చేను చుట్టూ, గట్టు వెంబడి, నాలుగు సాళ్లు జొన్న పెడుతుంది. ఆ జొన్నను ఎన్నడూ ఇంటికి తేలేదు. పల్లి పీకడానికి వచ్చే ఆడవాళ్లు పని ముగిసిన రోజున కంకులు కోసుకుపోతారు. ఆమె అత్తగారి కాలం నుంచీ అంతే. చుట్టుపక్కల వాళ్లు చాలామంది మానేశారు. జమ్ములమ్మకు మానాలని తోచలేదు.

ఈసారి సాగు చేసినంత నేలకే పంట సాయమన్నారు. కొలవడానికి వ్యవసాయ శాఖ నుంచి సౌందర్య వచ్చింది. ఫోన్ పట్టుకుని పంట అంచున ఒక చుట్టు తిరిగితే విస్తీర్ణం ఫోనే చెబుతుంది. జమ్ములమ్మ చెప్పులు విడిచి ముందు నడిచింది. పక్క చెలక మాది కాబట్టి హద్దు చూపించడానికి నన్నూ పిలిచారు. మోకాళ్లు సహకరించక గట్టు మీదే కూర్చున్నాను.

చుట్టు పూర్తయ్యాక సౌందర్య ఫోన్ చూసి ఆగిపోయింది.

"పెద్దమ్మా, పాస్‌బుక్కుల రెండెకరాలుంది. ఈడ ఎకరం ముప్పై నాలుగు గుంటలే వస్తుంది. తక్కింది పడావు పెట్టినవా?"

"పడావా! నా చెలకల జానెడు జాగ ఖాళీ లేదు బిడ్డా. నీ ఫోన్‌కే జర సుస్తయినట్టుంది."

నవ్వుతూనే అంది గానీ, కొంగు చేతికి చుట్టుకుంటోంది. ఒకసారి బీడని రాస్తే ఆ ఆరు గుంటలు ఏటేటా బీడుగానే ఉండిపోతాయని ఆమె భయం.

సౌందర్య వెనక్కి తిరిగి అడుగుజాడలు చూసింది.

"జొన్న లోపలికెళ్లి తిప్పినవేంది? గట్టు పొంటి నడువొద్దా?"

"గవి నావి కావు కద. పల్లి పీకెటోళ్లవి."

"భూమెవరిది?"

"నాదే."

"నీళ్లెవరు పెట్టిండ్రు?"

"నేనే."

"మరి?"

"మరేంది! కంకులు బాలమ్మోళ్లవి."

సౌందర్య నవ్వు ఆపుకోలేకపోయింది. జమ్ములమ్మ జొన్నకు లోపలగా నడవడం నేనూ చూశాను. నాకూ అది తప్పుగా తోచలేదు.

మళ్లీ తిరిగారు, ఈసారి గట్టు మీద. రెండెకరాలు సరిగ్గా వచ్చాయి. పల్లీ, జొన్నా జమ్ములమ్మ పేరిటే ఎక్కాయి.

"జొన్న బాలమ్మ పేరు మీద ఎక్కియ్యరాదా?"

"ఆమెకు భూమి లేదు గద పెద్దమ్మా. ఎట్ల ఎక్కుతది?"

జమ్ములమ్మకు మనసొప్పలేదు. అటునుంచే కూలీల పెద్ద బాలమ్మ ఇంటికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

"బాలమ్మా, జొన్న నా పేరు మీద రాసిండ్రే. గది ఫోన్లనే. నువ్వు పరేషాన్ గాకు."

బాలమ్మ బియ్యం చెరగడం ఆపలేదు. "అట్లయితే నువ్వు ఫోన్ల రొట్టెలు కాల్చుకో అక్కా. కంకులు మేం కోసుకపోతం."

పల్లి పీకడం అయిపోయిన రోజు అటుగా వెళ్లాను. ఆడవాళ్లు గట్టు మీద కంకులు కోస్తున్నారు. జమ్ములమ్మ కూడా కొడవలి పట్టుకుని కోస్తోంది, బాలమ్మ గంపలోకి.