కుక్కకు హాజరు వేసిన గుమాస్తా

తెలివితక్కువ పని చేసి బతికిపోయినవాళ్ళు చాలామందే ఉంటారు. దాన్ని రోజువారీగా, గళ్ళు గీసి, ఎర్రసిరాతో రాసి దాచుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ డైరీ ఇప్పుడు నా ముందుంది. మీరు చదివి హాయిగా నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ ఒక చేత్తో పొట్ట పట్టుకునే చదువుతాను.

అరవైల నాటి సంగతి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టైమాఫీసు గుమాస్తాని. పొద్దున్నే సైరన్ కూసేసరికి పూరీ గేట్ వైపు నుంచి సైకిళ్ళు వరదలా వచ్చిపడేవి. ఆ గంటల చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. గేటు దగ్గర దాన్ని పెట్టెలో వేస్తే హాజరు. కొందరు రాని స్నేహితుడి బిళ్ళ కూడా వేసేసేవారు. అలాంటి దొంగ హాజర్లు పట్టడంలో నా అంతవాడు లేడని నా నమ్మకం. అదెంత లావు నమ్మకమంటే, నేను సైకిలెక్కితే వెనక క్యారియర్ మీద అది కూర్చునేది.

ఒక సాయంత్రం ఆ బరువుతోనే వస్తూ మా క్వార్టరు ముందు పడుకున్న కుక్క తోక మీదుగా చక్రం పోనిచ్చాను. అది లేచి నా పిక్క పట్టుకుంది. పక్కింటి పార్వతమ్మ పిన్ని, మాలాగే శ్రీకాకుళం వైపు మనిషి, పరుగున వచ్చి గాయం నిండా కారం, సున్నం మెత్తింది. ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరుగారు అదంతా సబ్బుతో, కుళాయి నీళ్ళతో పావుగంట కడిగించారు. తిట్టడానికి ఇంకో పావుగంట పట్టింది.

"కారం కూరలో వేసుకో దాదా. కుక్క కరిస్తే సబ్బూ నీళ్ళూ, ఆ వెంటనే సూది."

ఈ జబ్బు బయటపడ్డాక మందు లేదనీ, చేసేదంతా ముందే చేయాలనీ చెప్పారు. రోజుకొకటి చొప్పున పొట్టలో పద్నాలుగు సూదులు. ఈలోగా కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి. కరిచిననాటికే దాని చొంగలో విషం ఉంటే అది పది రోజులు బతకదు. పదో రోజుకి నిక్షేపంగా ఉంటే మిగతా సూదులు ఆపేయవచ్చు. నాలుగు సూదుల కోసం ఇంత ఆశా అని నవ్వకండి. పది పొడిపించుకున్న పొట్టకి ఆ నాలుగే స్వర్గం.

నేను ఊరుకుంటానా? రేకుతో బిళ్ళ కత్తిరించి, ఒకటో నంబరు కొట్టాను. ఆ కుక్క పిన్ని పోసే గంజికి అలవాటు పడినది కాబట్టి ఆమె చేతే దాని మెడకు కట్టించాను. సెలవు పెట్టి, రోజూ కిటికీలోంచి చూడటం, బిళ్ళ మెరిస్తే "హాజరు" అని రాయడం. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు లెండి. నాలుగో రోజు బిళ్ళ జాడ లేదు. అమ్మ అన్నం మానేసి దేవుడి పటాల ముందు కూర్చుంది. ఐదో రోజు పొద్దున్నే బిళ్ళ మళ్ళీ మెరిసింది. "నిన్న చెప్పకుండా గైర్హాజరు" అని ఎర్రసిరాతో రాశాను. ఎనిమిదో రోజు రాత ఇంకా బాగుంటుంది: "ఒళ్ళు చేసింది. ఆరోగ్యం భేష్."

పదో రోజు తాడు పిన్ని చేతికిచ్చి, డైరీ నేను పట్టుకుని, కుక్కతో సహా ఆస్పత్రికి ఊరేగాం. డాక్టరుగారు పేజీలు తిప్పి నా పద్ధతిని మెచ్చుకున్నారు. మొదటి పేజీలో "మగ కుక్క" అన్న చోట ఆగి, కుక్కను చూశారు. తర్వాత నన్ను చూశారు.

"దాదా, మీ మగ కుక్క ఈ వారంలోనే పిల్లల్ని పెట్టేలా ఉంది."

నేను పిన్ని వైపు తిరిగాను. ఆమె తాడు వైపు చూసింది.

"నాలుగోనాడు తాడు తెగి బిళ్ళ మా వాకిట్లో పడుంది బాబూ. కుక్క ఎటెల్లిపోనాదో అగపడలేదు. మీ అమ్మ ముద్ద ముట్టట్లేదు. అందుకే ఆ రంగుదే ఇంకోదాన్ని పట్టి కట్టినాను. నువ్వు బిళ్ళనే సూస్తావు గానీ కుక్కని సూడవు గదా, ఏటౌద్దిలే అనుకున్నాను."

డాక్టరుగారు నవ్వలేదు. అసలు కుక్క బతికుందో, పిచ్చెక్కి ఎక్కడైనా చచ్చిందో ఎవరికి తెలుసు? ఈ గర్భిణి హాజరు నమ్మి తాను సూదులు ఆపేసి ఉంటే నా గతేమిటని మెల్లగా అడిగారు. ఎవరూ చెప్పకుండానే చొక్కా పైకెత్తి బల్ల మీద పడుకున్నాను. పద్నాలుగూ పూర్తిగా పొడిపించుకున్నాను.

సెలవు ముగించి పనిలోకి వెళ్ళేసరికి కబురు మా సుభాష్‌పల్లి పేట అంతా తిరిగి నాకంటే ముందే గేటు చేరింది. ఒక ముసలి ఫిట్టరు తన బిళ్ళను నా కళ్ళ ముందు ఆడించి, మొహం అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"బిళ్ళ ఇదిగో బాబూ. మీసం కూడా ఓపాలి సూసుకోండి. తేడా వస్తే పాపం మీ పొట్టకే సేటు."

ఆ రోజు సైరన్ నవ్వుల్లో వినబడనే లేదు. సాయంత్రం డైరీ తెరిచి ప్రతిజ్ఞ రాసుకున్నాను: "కుక్క కరిస్తే కారం జోలికి పోను. సబ్బుతో కడుక్కుని తిన్నగా ఆస్పత్రికి పోయి, చెప్పినన్ని సూదులూ కిక్కురుమనకుండా పొడిపించుకుంటాను. తోకెత్తి చూడనిదే ఏ కుక్కకూ హాజరు వేయను. తోకెత్తబోతే అది ఎలాగూ కరుస్తుంది కాబట్టి, అసలు హాజరే వేయను."