కలవని బొట్లు

మూతలు చేసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పెద్దకోడలిది సరుకు పరీక్షించే గదిలో పని. తోడికోడలికి అక్కడ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. ఎందుకిప్పించానా అని ఇప్పుడు రోజూ లోలోపల కుతకుతలాడిపోతోంది.

అక్కడ రెండు రకాల ప్లాస్టిక్కులు కరిగించి కలుపుతారు. అవి పూర్తిగా కలిసిపోవు. ఒకటి రెండోదానిలో బొట్లుబొట్లుగా మిగులుతుంది. మరలో జోరుగా పారితే బొట్లు సాగి తెగుతాయి, నెమ్మదిస్తే మళ్లీ ఒకటవుతాయి. బొట్లు పెద్దవైతే మూత పొరలుపొరలుగా ఊడొస్తుంది. మర వేగం అటూ ఇటూ మారుస్తూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది పెద్దకోడలు. చిన్నది వచ్చి, మైక్రోస్కోపుకి కూడా ఆననంత సన్నటి సిలికా పొడి కాస్త కలిపింది. పొడి బొట్ల చుట్టూ పట్టేసి వాటిని ఒకటి కానివ్వలేదు. మూతలు రాయిలా వచ్చాయి.

మేనేజరు పొగిడాడు. ఇంట్లో అత్తగారు అంతకన్నా పొగిడింది.

ఎక్కడో లొసుగు ఉండకపోదని, పెద్దకోడలు ఆ మిశ్రమాన్నే రెండు గాజు పలకల మధ్య కరిగించి, బాగా మెల్లగా కదిలిస్తూ మైక్రోస్కోపులో చూసింది. బొట్లు ఒకటి కాలేదు గానీ, పొడి వాటి మధ్య వంతెనలు కట్టినట్టుంది, గుత్తులుగుత్తులుగా అంటుకున్నాయి. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తిన్నగా మర దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా అంది:

"నీ పొడి గొప్పేమిటో చూశాను. పారకం మందగిస్తే బొట్లన్నీ గుంపు కడుతున్నాయి!"

చిన్నకోడలు మొహం వెలిగిపోయింది. "అందుకేనా అక్కా, మూతలు రాయిలా ఉన్నా అంచులు మాత్రం పెళుసుగా వస్తున్నాయి! అచ్చులో అక్కడే కదా పారకం మందగించేది! నాకు ఎంతకీ అంతుపట్టలేదు. నువ్వు కాబట్టి కనిపెట్టావు!"

పొడి తగ్గించి, అచ్చులోకి పోసే జోరు పెంచారు. అంచులు నిలిచాయి. పొడి చిన్నామె, వేగం పెద్దామె చూసుకోవాలని మేనేజరు తేల్చేశాడు.

"అక్క లేకపోతే నా పరువు పోయేదత్తయ్యా," అని సాయంత్రం చిన్నది ఇంట్లో ఒకటే చెప్పుకుపోతోంది. పరువు తీద్దామని వెళ్లిన మనిషికి ఆ మెప్పు మింగుడుపడలేదు. నన్ను పొగడటంలోనూ ఇదే గెలిచింది, అని ఒళ్లు మండింది.

"చాల్లే," అంది విసురుగా. తర్వాత గిన్నెలు సర్దుతూ, అటు తిరిగే అడిగింది: "ఆ పొడి ఎంత వెయ్యాలో ఎలా లెక్కగడతావు? రేపు నాకూ చూపించు."