సైకిల్ షాపు సత్తిబాబు, మా స్టేషన్ జీపు

నిన్న పొద్దున్న ఫోన్లో సత్తిబాబు పేరు కనపడగానే, మళ్ళీ ఏ పోలీసు బండి ఫోటో తీశాడో అనుకుని "ఏం బండోయ్ ఇవాళ?" అంటూ ఎత్తాను.

అటువైపు వాళ్ళబ్బాయి.

"నాన్నగారు వెళ్ళిపోయేరండి. తెల్లారగట్ల గుండెపోటు..."

తర్వాత నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ మా ఆవిడ చేతిలో పెట్టేశాను.

మన గ్రూపులో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. నేను పోలీసు డిపార్ట్‌మెంట్‌లో జీపు డ్రైవర్‌గా ఉన్న రోజుల్లో, అమలాపురం వైపు మా స్టేషన్‌కి ఎదురుగా సత్తిబాబుకి సైకిల్ రిపేరు షాపు ఉండేది. నాకన్నా నాలుగేళ్ళు చిన్న.

మనిషికి ఒక్కటే పిచ్చి. పోలీసు బళ్ళు.

మామూలుగా మా జీపు వీధిలోకి వస్తే జనం మొహం తిప్పుకుంటారు. ఏ తప్పూ చెయ్యనివాడు కూడా ఓసారి చొక్కా సర్దుకుంటాడు. సత్తిబాబు ఒక్కడే పంక్చర్ వేస్తున్న ట్యూబు పక్కన పడేసి, చుట్టాలొచ్చినంత సంబరంగా ఎదురొచ్చేవాడు.

అంతర్వేది తీర్థానికి వెళ్ళి రథం చూడకుండా తిరిగొచ్చిన మనిషిని వాణ్ణొక్కణ్ణే చూశాను. బందోబస్తు బళ్ళు వరసగా పెట్టిన చోటే సాయంత్రం దాకా తిరిగాడట. పాపం వాళ్ళావిడే వెతుక్కుంటూ వచ్చి, ప్రసాదం చేతిలో పెట్టిందట.

దసరాకి జీపు కడిగి, బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే డ్యూటీ వాడిదే. ఎవరూ అప్పజెప్పలేదు, వాడే తీసేసుకున్నాడు.

పోలీసు బళ్ళ ఫోటోల కోసం ఈ గ్రూపు పెట్టిందీ వాడే. గల్ఫ్‌లో ఉన్న మన రాజోలు కుర్రాళ్ళు అక్కడి పోలీసు కార్ల ఫోటోలు పెడితే, "బాగానే ఉన్నాయండి, కానీ మన జీపుకున్న దర్జా లేదు" అని రిప్లై కొట్టేవాడు.

అంత ప్రేమ ఉన్నా, చాలాకాలం దాకా మా జీపు ఒక్కసారీ ఎక్కలేదు. బయటివాళ్ళని ఎక్కించకూడదని రూలు. నేనూ రూలు మాట్లాడేవాణ్ణి.

ఇక్కడిదాకా మీలో చాలామందికి తెలుసు. ఇక్కణ్ణుంచి తెలియదు.

ఓసారి వరసగా మూడు రోజులు, నేను గేటు దాటగానే వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"డ్రైవరు గారూ, వెనక ఎడం చక్రం బేరింగు పోయిందండి. గర్రుమంటుందండి."

"నీ సైకిళ్ళు చూసుకోవోయ్" అన్నాను. నాకు నా ఇంజిన్ మోత తప్ప ఇంకేం వినపడలేదు. పైగా సైకిల్ షాపువాడు నాకు చెప్పడమేంటని పొగరు.

నాలుగో రోజు ఎస్సై గారు అర్జెంటుగా బయల్దేరారు. సత్తిబాబు బానెట్‌కి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపేశాడు.

"ఎవడయ్యా వీడు?" అన్నారు ఎస్సై గారు.

"ఆయ్, బండి తియ్యకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను."

"ఎక్కించండి వెనకాల! దారిలో మాట్లాడదాం."

ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎత్తి జీపులో వేశారు.

నేను అద్దంలో చూశాను. పెళ్ళిపల్లకీ ఎక్కిన వరుడి మొహం! సీటు తడుముతున్నాడు, వైర్‌లెస్ సెట్ వంక కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఏ చక్రం పోయిందని అడ్డం పడ్డాడో, ఆ చక్రం మీదే కూర్చుని దాని సంగతి మర్చిపోయాడు మహానుభావుడు.

కాలువ గట్టెక్కాక నా భుజం మీద సత్తిబాబు చెయ్యి పడింది, నా చెవికి మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఆపేయండి."

గొంతులో అండీ తప్ప మర్యాదేమీ మిగల్లేదు. ఎందుకో ఈసారి ఎదురు చెప్పలేకపోయాను. స్పీడు తగ్గించేశాను.

బండి పూర్తిగా ఆగేలోపే ఎడం పక్క కూలబడింది. చక్రం ఊడి, మా పక్కనుంచే దొర్లుకుంటూ వెళ్ళి కాలువలో పడింది. గట్టు అంచుకి మూరెడు దూరంలో ఆగాం. అదే స్పీడులో వెళ్ళుంటే అయిదుగురం కాలువలోనే.

ఎస్సై గారు చెమట తుడుచుకుంటూ అడిగారు. "నువ్వు స్లో ఎందుకు చేశావయ్యా?"

సత్తిబాబు అప్పటికే లుంగీ ఎగ్గట్టి చక్రం కోసం నీళ్ళల్లోకి దిగిపోయాడు.

"చప్పుడు తేడాగా ఉందండి, అనుమానం వచ్చింది" అన్నాను నేను.

అంతే. ఎస్సై గారు అదే పైకి రాశారు. నాకు రివార్డు వచ్చింది. సత్తిబాబుకి మాత్రం "ఇంకోసారి బండికి అడ్డం రాకు" అని వార్నింగు.

మర్నాడు వాడే బెల్లం జీళ్ళు పట్టుకొచ్చి నా నోరు తీపి చేశాడు. షాపుకొచ్చిన ప్రతివాడికీ "మా డ్రైవరు గారి చెవంటే చెవండి" అని చెప్పుకున్నాడు. నా రిటైర్‌మెంట్ సభలో ఆఫీసరు గారు ఇదే కథ మైకులో చెప్తే, చివరి వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సభయ్యాక సిగ్గేసి అడిగాను, "నిజం ఎందుకు చెప్పలేదు సత్తిబాబూ?"

"నేను జీపెక్కేను కదండీ! ఇంకేం కావాలండి?" అని నవ్వాడు.

ఆ రోజైనా మైకు దగ్గరికి వెనక్కి వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. మా మనవళ్ళు కూడా తాతయ్య చెవి గొప్పదనే అనుకుంటున్నారు.

వాడు బతికుండగా రాయాల్సిన మాట, వాడు చదవలేని రోజున రాస్తున్నాను.

ఆ చప్పుడు విన్నది నేను కాదు. మా అయిదుగురి ప్రాణాలు నిలబెట్టింది సైకిల్ షాపు సత్తిబాబు. నా మనవళ్ళు, మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు, అందరూ చదవండి.

వెళ్ళిరా సత్తిబాబూ. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.