మట్టికోటలో మూడు జతలు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. ఫౌజులో ఇరవై నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాడు ఉన్నది ఉన్నట్టు చెబితే వినేవాళ్లు టీ కూడా పోయరు. కాబట్టి ఇందులో చలి అసలుకంటే ఎక్కువగా, దూరం అసలుకంటే పొడుగ్గా, కుక్క అసలుకంటే పెద్దగా ఉంటాయి. టైములు మాత్రం సరైనవే. వాచీ చూసి రాసుకున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం, తొమ్మిది పదికి ఖిలా వరంగల్ పోస్టుకు చేరాను. పోస్టు అంటే మా చర్చి. రేకుల కప్పు. ఫ్యాన్లు నాలుగు, తిరిగేవి మూడు. చుట్టూ భూభాగం: బయట మట్టికోట, లోపల రాతికోట, మధ్యలో పత్తి చేలు, ఇళ్లు, మేము. కాకతీయులు ఇంత శ్రమపడింది మా సంఘాన్ని కాపాడటానికేనని నాకు గట్టి అనుమానం. వాతావరణం: పొగమంచు. చలి సున్నాకు పదిహేను డిగ్రీలు పైన. సరిహద్దులో నేను చూసినది సున్నాకు పదిహేను కింద. కాగితం మీద చూస్తే తేడా ఒక్క గీత.

వెంట ఉన్న సామాను: నీలం రంగు రెజిమెంటు బ్లేజరు ఒకటి, దానికి ముందు ఇత్తడి గుండీలు నాలుగు. బైబిలు ఒకటి. ఫోను ఒకటి, చార్జింగు సగం.

నా హోదా కూడా చెప్పాలి. ఫౌజులో నేను స్టోరు హవల్దారును. తుపాకి పట్టిన రోజులకంటే బట్టల మూటలు విప్పిన రోజులే ఎక్కువ. కొత్త జవాను గుమ్మం దాటేలోపు అతని ఛాతీ, నడుము, బూటు సైజు చెప్పేసేవాణ్ణి. నీ కన్ను టేపుకంటే నమ్మకమైనదని ఒక కల్నల్ సాబ్ మెచ్చుకున్నాడు. అసలు అన్నది వంటవాడు. కల్నల్ సాబ్ వినపడేంత దూరంలోనే ఉన్నాడు.

ఆరాధన ముగిశాక పదకొండున్నరకు పాస్టరమ్మ నన్ను చెప్పుల స్టాండు వెనక్కి పిలిచింది. మా సంఘంలో ప్రసంగం పాస్టరుగారిది, మిగతా సైన్యమంతా ఆమెది. పరిస్థితి వివరించింది.

యాకోబు మిర్చి యార్డులో హమాలీ. దసరా ముందు బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది. దవాఖానలో కదలకుండా పడుకోమన్నారు, అప్పటినుంచి పడుకునే ఉన్నాడు. భార్య ఎస్తేరమ్మ పత్తి ఏరటానికి పోతోంది. పిల్లలు ముగ్గురు. పెద్దది కెజియా, పదకొండేళ్లు. తర్వాత ఎనిమిదేళ్ల పిల్లవాడు, ఐదేళ్ల చిన్నది. ఇల్లు గడుస్తోంది. అంతకుమించి గడవటం లేదు.

క్రిస్మస్ నాడు మా చర్చికి కొత్తబట్టలు లేకుండా ఎవరూ రారు. రావొద్దని ఎవరూ అనరు. రారు, అంతే. ఆ వారం సండేస్కూల్లో కెజియా పాస్టరమ్మ దగ్గరికి వచ్చి, "క్రిస్మస్ నాడు మాకు జ్వరం వస్తది టీచర్, ముగ్గురికి" అని చెప్పిందట. డ్యూటీ ఎగ్గొట్టడానికి జ్వరం తెచ్చుకున్న జవాన్లను చాలామందిని చూశాను. ఇరవై రోజుల ముందు నోటీసు ఇచ్చినవాళ్లను చూడలేదు.

బట్టలు కొనిస్తే సరిపోతుంది కదా అన్నాను. పాస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పోయిన నెల కమిటీవాళ్లు బియ్యం బస్తా తీసుకుపోతే ఎస్తేరమ్మ వాళ్లకు టీ పోసి పంపించి, సాయంత్రం అదే బస్తాను నెత్తిన పెట్టుకుని చర్చికి తెచ్చి దించిందట.

"మాకు ఇంక రెక్కలున్నయమ్మా అన్నది. మనమిచ్చినమని తెలిస్తే బట్టలు గూడ గట్లనే వాపస్ వస్తయన్నా. బట్టలొస్తయ్, పిల్లలు రారు."

ఉపాయం కూడా ఆమెదే: క్రిస్మస్ ఫ్రెండ్. సంఘంలో అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేస్తాం. పదేళ్లు నిండిన ప్రతివాళ్లూ ఒకటి తీస్తారు. చిన్నపిల్లల చీటీలు కమిటీవాళ్లు అదనంగా తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లకోసం నెలంతా ప్రార్థన చేసి, గుట్టుగా ఒక కానుక పెట్టాలి. ప్యాకెట్టు మీద తీసుకునేవాళ్ల పేరు ఉంటుంది, ఇచ్చేవాళ్ల పేరు ఉండదు. అందరికీ వచ్చేదే కాబట్టి ఎస్తేరమ్మ కాదనలేదు. ఆ ముగ్గురి చీటీలూ పాస్టరమ్మ, నేను, మా ఆవిడ తలా ఒకటి తీసుకోవాలి. సైజుల బాధ్యత నాది.

"అడగొద్దు, టేపు పెట్టొద్దు, ఎవలకు తెల్వొద్దు" అంది పాస్టరమ్మ.

"టేపు లేకుంట ఎట్లమ్మా?"

"కన్నుతోనే కొలుస్తనని నువ్వొచ్చిన కాడినుంచి చెప్తనే ఉన్నవుగదన్నా."

రెండో ఆదివారం చీటీలు. ముగ్గురు పిల్లల చీటీలు ముందే నా ఎడమ జేబులో ఉన్నాయి. కెజియా కూడా ఒకటి తీయాలి, తీస్తే ఎవరికో ఏదో ఇవ్వాలి. ఆ భారం పడకుండా నా పేరున్న చీటీ ఒక్కటే వేళ్ల మధ్య పట్టుకుని, డబ్బా ఆమె ముందుకు జరిపి, చీటీ ఆమె చేతికి తగిలేలా జారవిడిచాను. నాకు ఆమె ఏమీ ఇవ్వకపోయినా ఫిర్యాదు చేసేవాడు ఉండడని నా ఆలోచన. ఆమె విప్పింది, చదివింది, పిడికిట్లో బిగించింది. తర్వాత చర్చిలో ఉన్న ప్రతి ఒక్కరినీ చూసింది, నన్ను తప్ప. ఇంటెలిజెన్సు విభాగంలో ఇంతకంటే తక్కువ తెలివితో జీతం తీసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక నా కన్ను సంగతి. పిల్లలు చాప మీద కూర్చున్నారు, స్వెట్టర్లలో. నిలబడితే పరుగెత్తారు. జవాను అటెన్షన్‌లో నిలబడతాడు, పిల్లవాడు నిలబడడు. పదిహేను నిమిషాలు ప్రయత్నించి కంటిని విధుల్లోంచి తప్పించాను.

అదే రోజు పద్నాలుగు నలభైకి, అంటే మీ లెక్కలో మధ్యాహ్నం రెండు నలభైకి, రెండో మార్గంలో బయలుదేరాను. ఆదివారం స్త్రీల కూడిక ఉంటుంది, ఎస్తేరమ్మ అక్కడ ఉంటుంది. స్కూలు యూనిఫారాలు ఉతికి ఇంటి వెనక తీగ మీద ఆరేసి ఉంటాయి. యూనిఫారం కొలిస్తే మనిషిని కొలిచినట్టే. ఇది స్టోరు సూత్రం. చర్చినుంచి నాలుగు కిలోమీటర్లు, నాలుగు వందల మీటర్లు అన్నా తప్పు లేదు, నడిచి రాతికోట గోడ పక్కగా చేరాను. రేకుల ఇల్లు. వెనక కంప దడి, నడుమెత్తు. దాటాను. తీగ మీద మూడు జతలు, ఇంకా తడి. జానతో కొలవడం మొదలుపెట్టాను. పెద్దదాని భుజం జానన్నర. పొడుగు నాలుగు జానలకు బెత్తెడు తక్కువ. చిన్నదానిదీ కొలిచాను. అంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నవన్నా?" కంట్రోల్‌రూమ్‌నుంచి పాస్టరమ్మ.

"తీగ కాడ."

"ఏం తీగ?"

"బట్టల తీగ."

"జర జల్ది రా. ఎస్తేరమ్మ కూడికకు రాలే."

ఫోను పెట్టేశాను. పిల్లవాడి చొక్కా మీద జాన పెట్టానో లేదో, కుక్క వచ్చింది. నల్లది. దూడంత ఉంది, కోరలు వేలెడేసి. దాని అరుపుకు కోటగోడలోంచి మట్టి రాలింది. వెనక్కి తగ్గడం ఓటమి కాదని మాకు ట్రైనింగులో నేర్పారు. నడుమెత్తు దడిని ఒక్క గెంతులో దాటాను. పదిహేను సున్నా ఐదుకు ఇల్లు చేరాను. నష్టం: బ్లేజరు ముందు గుండీ ఒకటి. కుక్క మింగిందని మా ఆవిడకు రిపోర్టు ఇచ్చాను.

"ఆ సందుల కుక్కలేడివయ్యా?" అంది ఆవిడ. పౌరులకు క్షేత్రస్థాయి అనుభవం ఉండదు.

టైలరు కథ చిన్నది. డిసెంబర్లో వరంగల్ టైలరు చేత బట్టలు కుట్టించడంకంటే కొండ మీది పోస్టుకు కిరోసిన్ చేర్చడం తేలిక. క్రిస్మస్ పోయాక ఇస్తానన్నాడు. అతని మిషను పక్కన కూర్చుని నా ఫౌజు అనుభవాలు చెప్పడం మొదలుపెట్టాను. మూడో అనుభవం సగంలో ఉండగా ఒప్పుకున్నాడు. కొలతల కాగితం చూసి మాత్రం ఆగాడు. "ఎనిమిదేండ్ల పోరనికి గీ భుజమా సార్?" నా పని మీద ఇరవై నాలుగేళ్లలో ఎవరూ వేలు పెట్టలేదని చెప్పాను. పెద్దదానికి నీలం ఫ్రాకు, చిన్నదానికి ఎర్ర ఫ్రాకు, పిల్లవాడికి చొక్కా ప్యాంటు. శనివారం పదిహేడు ముప్పైకి చేతికొచ్చాయి.

క్రిస్మస్ ముందు ఆదివారం, సాయంత్రం నాలుగింటికి చెట్టు కార్యక్రమం. పాస్టరమ్మ పేర్లు పిలిచి ప్యాకెట్లు ఇచ్చింది. నాకూ ఒకటి వచ్చింది, అగ్గిపెట్టె అంత. బ్లేజరు జేబులో పడేశాను. అప్పుడు నా దృష్టంతా ఎస్తేరమ్మ మీదే. ఆమె ఒళ్లో మూడు ప్యాకెట్లు. చుట్టూ అందరి చేతుల్లో సబ్బు పెట్టెలు, పెన్నులు, ఫొటో ఫ్రేములు. ఆమె ఒక్కో ప్యాకెట్టునూ వేళ్లతో నొక్కి చూసింది. గుడ్డ అని తెలిసింది. తలెత్తి పాస్టరమ్మను చూసింది, తర్వాత కమిటీ వరసను ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూసింది. నేను ఆగిపోయిన ఫ్యానును పరిశీలించాను. ఆమె పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత వార్త లేదు. బట్టలు తిరిగి రాలేదు. వస్తాయన్న భయమూ పోలేదు. పాస్టరమ్మ రోజుకు రెండుసార్లు ఫోను చేసి, "ఏమన్న తెల్సిందా?" అనేది. లేదనేవాణ్ణి. పెట్టేసేవాళ్లం.

క్రిస్మస్ ఉదయం తొమ్మిదిన్నర. చర్చి నిండింది. వాళ్లు లేరు. తొమ్మిది యాభై, మొదటి పాట అయిపోయింది. లేరు. పది సున్నా ఐదుకు గుమ్మంలో ఎస్తేరమ్మ కనిపించింది. వెనక ముగ్గురు.

చూసినది రాస్తాను. పిల్లవాడి చొక్కా మోకాళ్ల దాకా ఉంది. చేతులు నాలుగు మడతలు. చిన్నది ఎర్ర ఫ్రాకును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నడుస్తోంది, వెనక ఇంకో జానెడు నేల ఊడ్చుతోంది. కెజియా నీలం ఫ్రాకు భుజాలమీద నిలవటానికి పన్నెండు పిన్నులు పనిచేస్తున్నాయి. టైలరు కుట్టు అద్భుతంగా ఉంది. ఒక్కొక్కరి బట్టల్లో ఇంకొకరు కూడా పట్టేంత చోటుంది. ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. జ్వరం జాడ లేదు.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు లేచి చెప్పుకునే సమయం. ఎస్తేరమ్మ లేచింది. పాస్టరమ్మ చేతిలో పాటల పుస్తకం మూతపడింది.

"అందరికి వందనాలు. చీటీల మా పిల్లలకు బట్టలొచ్చినయ్. మూడు ప్యాకెట్లు సూడంగనే నాకు అనుమానమయింది. మా ఇంటి సంగతి ఎరికున్నోళ్లే ఇచ్చిండ్రు, వాపస్ ఇయ్యాలె అనుకున్న. ఇంటికి పోయి ఇప్పి సూసిన." ఆగి, కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించింది. "మా పిల్లలను ఒక్కనాడన్న సూసినోళ్లయితే గిట్ల కుట్టియ్యరు. ఎవలో పాపం, మమ్ముల ఎరగనోళ్లు. నిజంగ చీటీ తీసినోళ్లు. అందుకే తీసుకున్న. ఆ ఇచ్చినోళ్లకు దేవుడు మంచి కండ్లు ఇయ్యాలె. మీరు గూడ వాళ్ల కండ్ల కోసం ప్రార్థన చెయ్యున్రి."

సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. స్త్రీల వైపునుంచి మా ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరమ్మ గోడవైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. నా వృత్తి గౌరవం అక్కడే, పదకొండు ఇరవైకి, సంఘ సమక్షంలో భూస్థాపితమైంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే కెజియా పక్కకు వచ్చింది. ఒక చేత్తో భుజం దగ్గర ఫ్రాకు పట్టుకుని ఉంది.

"అంకుల్, ఇది వచ్చే యేడు గూడ వస్తది. జ్వరం రాదు."

అనేసి పోయింది.

పన్నెండు నలభైకి ఇంటికి తిరిగి వచ్చాను. యుద్ధంలో ఎక్కడ పొరపాటు జరిగిందో మా ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పింది. "స్కూల్ బట్టలు ఎవలన్న సరిగ్గ కుట్టిస్తరా? రెండేండ్లు రావాలని పెద్దగనే కుట్టిస్తరు. నువ్వు గూడ అట్లనే తొడుక్కున్నవ్ గద." తొడుక్కున్నాను. ఐదో తరగతిలో నాకు కుట్టించిన నిక్కరు ఏడో తరగతిలో సరిపోయింది. ఫౌజు స్టోరులో ఆ సంగతి మరిచిపోయాను.

బ్లేజరు విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే జేబులో అగ్గిపెట్టె చేతికి తగిలింది. నా క్రిస్మస్ ఫ్రెండ్ ఇచ్చింది. నోటుపుస్తకం కాగితం చుట్టి, దాని మీద స్కేలు పెట్టి గీసిన నక్షత్రం. విప్పాను. లోపల దూది, దూదిలో నా ఇత్తడి గుండీ. చింతపండుతో తోమినట్టుంది, మిగతా మూడింటికంటే బాగా మెరుస్తోంది.

మా ఆవిడ ఆ గుండీని, నన్ను మార్చి మార్చి చూసింది. "కుక్క మింగిందంటివి" అంది. సూది దారం తెచ్చి కుట్టింది. ఇప్పటికీ నా బ్లేజరుకు మూడు మాసిన గుండీలు, ఒక మెరిసే గుండీ.

ఇక మిగిలింది చెప్పాలి. చలి పెంచాను, దూరం పెంచాను, పన్నెండు పిన్నులన్నవి మూడే. అవన్నీ ఉన్నవాటిని సాగదీయడం. లేనిదాన్ని పెట్టింది ఒక్కచోటే. ఆ రోజు కుక్క రాలేదు. ఆ సందులో కుక్కలే లేవు, మా ఆవిడ చెప్పింది నిజం. అయితే దాన్ని పుట్టించింది నేను కాదు. నేను కోరలు తగిలించి దూడంత చేశాను, అంతే.

పిల్లవాడి చొక్కా మీద జాన పెట్టి నిలబడి ఉండగా వెనక తలుపు తెరుచుకుంది. గడపలో కెజియా, చేతిలో పిండిన తడిగుడ్డ. పొద్దున తీసిన చీటీ ఇంకా ఆ పిడికిట్లోనే ఉందేమో తెలియదు. నన్ను చూసింది, తమ్ముడి చొక్కా మీద నా చేతిని చూసింది. నేను కదల్లేదు. ఇంట్లోంచి ఎస్తేరమ్మ గొంతు వినిపించింది, "ఎవలే అక్కడ?" అని.

కెజియా నా మీదినుంచి చూపు తిప్పలేదు.

"కుక్కమ్మా" అంది. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.