సందులో పట్టని బండి

పేగు క్యాన్సర్ పరీక్షల వ్యాను నడిపే డ్రైవరు రోజూ పొద్దున్నే బండి కడుగుతాడు. దాని పక్కన రాసిన ‘మీ గుమ్మంలోకే పరీక్ష’ అన్న అక్షరాలను మాత్రం పొడిగుడ్డతో, పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తాడు. తర్వాత తీసుకెళ్లి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు నీడ చూసి ఆపుతాడు. అతను పుట్టిపెరిగిన సందులో బండి పట్టదని ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. ఇతను తలూపాడు. ఆ సందులోనే పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె ముందు నిలబడే అక్క, నెత్తురు పడుతుంటే మొలలే అనుకుంటూ, “నీ బండి మా వైపెప్పుడొస్తుందిరా?” అని అడిగేది.

“సందు ఇరుకక్కా, బండి తిరగదు.”

“ఏడిశావ్! నువ్వేం డ్రైవరువిరా?” అని నవ్వేది.

అవి మొలలు కావని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. అక్క పోయిన రోజు శవాలను తీసుకెళ్లే వ్యాను వచ్చింది. అతని బండి చేసిన కంపెనీదే, అదే పొడవు, అదే వెడల్పు. అలవాటు చొప్పున అతను వెనక నిలబడి రేకు మీద తడుతూ, “రానీ, రానీ... ఇంకొంచెం రానీ” అంటూ దారి చూపించాడు. బండి తిన్నగా అక్క గుమ్మం ముందుకొచ్చి ఆగింది. రెండు పక్కలా ఎక్కడా ఒక్క గీత కూడా పడలేదు.