మేనత్తకు బొట్టు పెట్టడానికి అండమాన్ వెళ్ళాం

మా ఇంట్లో పెళ్ళి పిలుపులకు ఒక పద్ధతి ఉంది. మొదటి బొట్టు ఇంటి ఆడపడుచుకే పడాలి. ఆమె గడప దగ్గరికి వెళ్ళి, నుదుట కుంకుమ పెట్టి, నోరారా పిలవాలి. ఊళ్ళోవాళ్ళు ఆ తరవాతే. పోస్టులో కార్డు పంపడం, ఫోన్ చేసి చెప్పడం పిలుపు కిందకి రావు. బొట్టు ఆడవాళ్ళే పెట్టాలి కాబట్టి మగవాళ్ళు వెళ్ళినా ప్రయోజనం లేదు. ఆడపడుచు ఏ సోంపేటలోనో సంతబొమ్మాళిలోనో ఉంటే ఇదంతా హాయిగానే ఉంటుంది. పొద్దున్న ఆటో ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరిపోవచ్చు. మా నాన్నకున్న ఒకే ఒక్క అక్క పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది.

మావయ్య తాపీమేస్త్రి. మా ఉద్దానం నుంచి చాలామంది వెళ్ళినట్టే ఆయనా ఇరవై ఏళ్ళ కిందట పని వెతుక్కుంటూ అండమాన్ వెళ్ళి, అత్తని తీసుకుపోయి, అక్కడే ఉండిపోయాడు. మా అన్న పెళ్ళికి నాన్న కార్డు పోస్టులో వేశాడు. అత్త రాలేదు. ఆ తరవాత ఆరేళ్ళు ఉత్తరం ముక్క కూడా లేదు. ఇప్పుడు శ్రావణంలో చెల్లి పెళ్ళి. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి మొదటి నలుగు మేనత్తే పెట్టాలి. ఈసారి కూడా అత్త రాకపోతే ఆ సంబంధం ఇక తెగిపోయినట్టేనని మా అమ్మ నిద్ర మానేసింది. నాన్నకి జీడిపిక్కలు ఏరించే రోజులు. అందుకని వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న నన్ను అమ్మకి తోడిచ్చి పంపారు.

నేను అప్పట్లో టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. నైరుతి ఋతుపవనాలు మన దేశంలో ముందుగా అండమాన్ దీవులను తాకుతాయని పిల్లల చేత పదేసిసార్లు రాయించాను. రాయనివాళ్ళని బెంచీ ఎక్కించాను. అలాంటి నేను, మే నెలాఖరులో, పలాసలో ఎండకి మాడు పగిలిపోతోందని టోపీ కొనుక్కుని, గొడుగు లేకుండా అండమాన్ బయల్దేరాను.

అమ్మ సామాను గురించి చెప్పుకోవాలి. ఎడంచేతిలో కుంకుమ భరిణ. పడుకున్నా లేచినా అది వదల్లేదు. నా నెత్తిన గోనెసంచిలో మా తోట కొబ్బరికాయలు, ఒక పెద్ద పనసకాయ. కొబ్బరిచెట్లు తప్ప మరోటి కనిపించని దీవికి కొబ్బరికాయలెందుకమ్మా అంటే, "అవి వేరు, మనయి వేరు" అంది. విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. మూడు రోజుల ప్రయాణం. మొదటి పూటే అమ్మకి కడుపులో తిప్పడం మొదలైంది. రెండో రోజుకి పనసకాయ పండింది. మా కింది అంతస్తులో ఉన్నవాళ్ళంతా ఆ వాసన ఎక్కడిదా అని వెతికారు. నేనూ వాళ్ళతో కలిసి వెతికాను.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి వాన. మన దగ్గరలా వచ్చి పోయే వాన కాదు, పెట్టేబేడా సర్దుకుని ఉండటానికి వచ్చేసిన వాన. నా టోపీ పది నిమిషాల్లో మెత్తబడి చెవుల మీదకి జారింది. అత్తా వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ముందుకి నడవలేక ఎవరిదో అరుగెక్కి నిలబడ్డాం. ఆ ఇంటావిడ తలుపు తీసి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏ ఊరు మీది?" అంది. ఇన్ని సముద్రాలు దాటి వస్తే అచ్చం మా యాసే. ఆవిడది సంతబొమ్మాళి వైపట. తుడుచుకోడానికి తువ్వాలిచ్చింది, టీ ఇచ్చింది. అంతా బాగానే ఉంది. ఇంతలో ఆవిడ కళ్ళు అమ్మ చేతిలో భరిణ మీద పడ్డాయి.

"పెళ్ళి పిలుపులేటి?" అంటూ చీర కొంగు సర్దుకుని నుదురు ముందుకి పెట్టేసింది.

అమ్మ నా వైపు చూసింది. నేను వాన వైపు చూశాను. ఆవిడ టీ తాగి, ఆవిడ అరుగు మీద నిలబడి, చాచిన నుదుటిని కాదనడం ఎవరి వల్ల అవుతుంది? అమ్మ బొట్టు పెట్టేసింది.

ఆ అరుగుకీ అత్త ఇంటికీ మధ్య ఎనిమిది ఇళ్ళుంటాయేమో. మేం తడుస్తూ నడిచి వెళ్ళేలోపు కబురు మాకంటే ముందు చేరిపోయింది. ఎలా చేరిందో నాకు ఈ రోజుకీ తెలీదు. అత్త గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ముందు ఊరోళ్ళకి, తరవాత ఆడపడుచుకా? ఇదేటి మర్యాద మరదలా? తోవలో ఇంకెవులైనా మిగిలిపోయినారేమో, ఆలకి కూడా ఎట్టీసి రా."

"వానొదినా..." అంది అమ్మ.

"వాన నేను కురిపించినానేటి?"

కోపం కోపమే, భోజనం భోజనమే. ఆ పూట చేపల పులుసు, కొబ్బరన్నం, మా పనసతొనలు. అన్నీ కొసరి కొసరి వడ్డించింది. నుదురు మాత్రం ఇవ్వలేదు.

మర్నాటి నుంచి మా ఇద్దరు పెద్ద ఆడవాళ్ళ మధ్య ఒక వేట మొదలైంది. పొద్దున్నే అమ్మ భరిణ తీస్తే అత్త తలకి నూనె రాసుకుని కూర్చునేది. నూనె తల మీద బొట్టేంటని అమ్మ ఆగేది. తలంటి అయ్యేసరికి అత్త చేప ముందేసుకునేది. చేప అయ్యేసరికి ఇవాళ మంగళవారం అనేది. బుధవారం నాడు అమ్మ తెలివిగా వెనక గుమ్మంలోంచి వచ్చింది. అత్త దుప్పటి ముసుగేసుకుని జ్వరం అంది. ఆ జ్వరంతోనే గంట తరవాత పెరట్లో వంగి వానలో ఆకుకూర కోసింది.

నాన్న పక్కింటికి ఫోన్ చేశాడు. "ఎట్టినారా?" "నేదు." "నేదా? వారమయ్యింది కదే!" "మీ అక్కకి నుదురు ఖాళీ నేదు," అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు అమ్మ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడవడం నేను చూశాను. నాకు అత్త మీద నిజంగా మంట పుట్టింది.

ఇక నా సంగతి. దీవి చూద్దామని వచ్చినవాణ్ణి. చూసింది మాత్రం అత్త ఇంటి వరండా, దాని రేకు మీంచి కారే నీళ్ళు. చుట్టూ సముద్రం ఉందని పుస్తకంలో చదివాను కాబట్టి నమ్మాను. వచ్చిన ఐదో రోజుకి చెన్నై ఓడలో వెనక్కి పోదామనుకున్నాం. వానకి పనుల్లేక ఇంట్లోనే ఉన్న మావయ్య రోజూ పొద్దున్నే గొడుగేసుకుని టిక్కెట్ల ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు. వచ్చి గొడుగు మూలన ఆనించి, నా మొహం చూడకుండా, "సముద్రం బాగోనేదు అల్లుడూ. ఓడ రానేదు," అనేవాడు. నేను నిట్టూర్చి మళ్ళీ రేకు కింద కూర్చునేవాణ్ణి.

పదకొండో రోజు పొద్దున్న మావయ్య లేవకముందే ఆ గొడుగు పట్టుకుని నేనే బయల్దేరాను. మలుపులో ఆ సంతబొమ్మాళి ఆవిడ అరుగు తుడుస్తోంది. "బాబూ, మీరింకా ఉన్నారేటి?" అంది ఆశ్చర్యంగా.

"ఓడ లేదు కదండీ."

"ఓడ నేకపోవడమేటి? మొన్న శుక్రవారం మా మరిది మద్రాసోడకి ఎలిపోయినాడు. అంతకు ముందొకటి ఎల్లింది."

నేను టిక్కెట్ల ఆఫీసు దాకా వెళ్ళలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. పిల్లల్ని బెంచీ ఎక్కించే గొంతుతో ఇంట్లోకి అడుగుపెట్టాను. రెండు ఓడలు వెళ్ళిపోయాయని, మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారని, బడి తెరిచేస్తారని, నా ఉద్యోగం పోతుందని గట్టిగా అరిచాను. మావయ్య గొడుగు వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్త కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తోంది. తలెత్తలేదు.

"ఆయన్నేటీ అనకు. నానే సెప్పొద్దన్నాను," అంది.

"ఎందుకొదినా?" అంది అమ్మ. గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప.

"బొట్టెట్టీసినావనుకో, నీ పనైపోతాది. పనైపోతే మర్నాడే ఓడెక్కీస్తారు." అత్త పొలుసు తీస్తూనే ఉంది. "ఇరవయ్యేళ్ళయింది నానొచ్చి. పుట్టింటోళ్ళెవులూ ఈ గడప తొక్కనేదు. నా మొకం ఖాళీగా ఉన్నన్నాళ్ళే కదేటి మీరుంటారు? ఆ మలుపింటావిడకి ముందెట్టినావని కోపమొచ్చింది నిజమే. ఒక్క పూటొచ్చింది. తరవాతంతా ఉత్తిదే."

నేను గొడుగు తీసుకెళ్ళి మూలన ఆనించాను.

అత్త చేతులు కడుక్కుంది. కొంగుతో నుదురు శుభ్రంగా తుడుచుకుని, వచ్చి అమ్మ ఎదురుగా పీట మీద కూర్చుంది. "రా మరదలా. ఎట్టీ. పిల్లడి బడి పోకూడదు," అని నుదురు ముందుకి పెట్టింది. కళ్ళు మూసుకుంది.

అమ్మ భరిణ మూత తీసింది. చెమ్మకి ముద్దకట్టిన కుంకుమని వేలితో నెమ్మదిగా విడదీసింది. వేలు పైకెత్తి, అత్త మొహం వైపు చాలాసేపు చూసింది. తరవాత ఆ వేలు కొంగుకి తుడుచుకుని మూత పెట్టేసింది.

"మళ్ళీ ఓడెప్పుడన్నయ్యా?" అని మావయ్యని అడిగింది.

"పది రోజులకంట," అన్నాడాయన. అది మాత్రం నిజం.

"అయితే ఆ రోజెడతాను. ఇప్పుడేటి తొందర?" అని అమ్మ భరిణని బొడ్లో దోపుకుని, అత్త వదిలేసిన చేపని కత్తిపీట మీదకి తీసుకుంది.